చేరదాంటీ

వేసవి కోర్సు మొదలయ్యే రోజు పొద్దున్నే కూతురు తల్లికి షరతు పెట్టింది. బస్సులో పక్కన కూర్చోకూడదు. క్లాసులో పలకరించకూడదు. ఎవరైనా అడిగితే ముఖపరిచయం కూడా లేదనాలి.

"అంటే నిన్ను కన్నది నేను కాదనాలా?" అని తల్లి నవ్వింది.

"నవ్వకమ్మా, సీరియస్‌గా చెప్తున్నా. ఫెయిలయి ఎండాకాలం క్లాసులో కూర్చోవడమే తలవంపులు. పక్కన అమ్మ కూడా ఉందంటే ఇక కాలేజీలో నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"సరేలేవే పండూ. నువ్వెవరో నాకు తెలీదు. చాలా?"

పండు అనేది ఇంట్లో పిలుపు. వయసు ఇరవై. యూనివర్సిటీలో రెండో ఏడు అయింది కానీ కాల్క్యులస్, స్టాటిస్టిక్స్ రెండూ పోయాయి. వేసవిలో ఆ రెండూ గట్టెక్కితేనే మూడో ఏట అడుగు పెట్టనిస్తారు.

తల్లికీ సరిగ్గా ఆ రెండు పేపర్లే మిగిలాయి. కాకపోతే ఆమెవి ఇరవై ఒక్క ఏళ్ళ నాటివి. చివరగా మిగిలిన ఆ రెండు పరీక్షలకు ముందు నెల పండు కడుపులో ఉంది. మంచం దిగితే బిడ్డ దక్కదని డాక్టరమ్మ చెప్పింది. ఆమె దిగలేదు. బిడ్డ దక్కింది, డిగ్రీ పోయింది. తర్వాత ఆసుపత్రిలో రక్తం తీసే గదిలో సహాయకురాలిగా చేరి, పద్దెనిమిదేళ్ళుగా అక్కడే ఉంది. ఎంత సన్నని నరమైనా ఒక్క పోటుతో దొరకబుచ్చుకుంటుందని పేరు. పసిపిల్లలకు రక్తం తీయాల్సి వస్తే పై అంతస్తు నర్సులు కూడా ఆమెకే కబురు పంపేవారు. ఆ గదికి ఇన్‌చార్జి వచ్చే ఏడు రిటైరవుతోంది. ఆ కుర్చీకి డిగ్రీ ఉండాలి. అదే సమయంలో యూనివర్సిటీ వాళ్ళు పాత విద్యార్థులకు ఒకే ఒక్క అవకాశం ప్రకటించారు: వేసవి కోర్సులో కూర్చుని, మిగిలిపోయిన పేపర్లు రాసి పట్టా తీసుకోవచ్చు. మళ్ళీ ఇవ్వబోమని నోటీసులో లావు అక్షరాలతో వేశారు.

ఆమె మధ్యాహ్నం రెండింటి డ్యూటీకి మార్పించుకుంది. తొమ్మిది నుంచి పదకొండు వరకు కాల్క్యులస్, పదకొండున్నర నుంచి ఒంటిగంట దాకా స్టాటిస్టిక్స్, అక్కడి నుంచి పరుగున ఆసుపత్రి. ఆమె భర్త ప్రింటింగ్ ప్రెస్సులో కటింగ్ మిషన్ మీద పనిచేసేవాడు. రసీదు బుక్కులు కత్తిరించగా మిగిలిన లేత పసుపు కాగితపు ముక్కలు కట్టగట్టి తెచ్చి, బల్ల మీద పెట్టాడు. ఒకవైపు ఏదో సబ్బుల కంపెనీ రసీదు గీతలుండేవి, రెండో వైపు ఖాళీ.

"తల్లీకూతుళ్ళిద్దరికీ రఫ్ పేపర్లు. ఎన్ని లెక్కలు తప్పు చేసినా తరగవు," అన్నాడు.

పండు వాటి వంక చూసి పెదవి విరిచింది. తనకు తెల్ల నోటుపుస్తకం కావాలంది.

*

క్లాసు మూడో అంతస్తులో. నలభైమంది. సీలింగు ఫ్యాన్లు మూడుంటే రెండు తిరిగేవి. రెండు సబ్జెక్టులకూ లెక్చరర్ ఒక్కడే, సెలవుల్లో పాఠం చెప్పడానికి ఇంకెవరూ ముందుకు రాలేదు మరి. ఆయన్ని పిల్లలు తక్కెడ సారు అనేవారు. ప్రతి శుక్రవారం పరీక్ష పెట్టి, అందరి మార్కులూ బోర్డు మీద రాసేవాడు. పైనుంచి కాదు, అడుగు నుంచి. అందరికంటే తక్కువ వచ్చినవాళ్ళ నంబరు మొదట రాసి, వాళ్ళను నిలబెట్టి, మిగతా జాబితా అంతా రాసేదాకా కూర్చోనిచ్చేవాడు కాదు.

తల్లి మొదటి బెంచీలో కూర్చుంది. పక్కన ఒక కళ్ళజోడు అమ్మాయి. పండు వెనక నుంచి రెండో బెంచీ. మొదటి రోజే అందరూ ఆమెను ఆంటీ అన్నారు. పెన్ను కింద పడితే తీసిస్తూ పండు కూడా, "ఇదుగోండి ఆంటీ," అంది. తల్లికి నవ్వొచ్చింది. పళ్ళ బిగువున ఆపుకుంది.

మూడో రోజు లిమిట్ల పాఠం. ఎక్స్ సున్నాకి దగ్గరవుతూ ఉంటుందని తక్కెడ సారు బోర్డు మీద బాణం గీశాడు. తల్లి చెయ్యెత్తింది.

"సర్, దగ్గరవుతూ ఉంటుందన్నారు. ఇంతకీ చేరుతుందా, చేరదా?"

ఆయన సుద్దముక్క బల్ల మీద పెట్టి, ఆమె హాజరు నంబరు చూశాడు.

"మీది ఏ సంవత్సరం బ్యాచ్ అమ్మా?"

ఆమె చెప్పింది.

"ఇరవై ఒక్క ఏళ్ళుగా మీరు డిగ్రీకి దగ్గరవుతూనే ఉన్నారు కదా. చేరారా?"

క్లాసంతా గొల్లుమంది. తల్లి కూడా చిన్నగా నవ్వి, పుస్తకంలో బాణం గీసుకుంది. నవ్వుల్లో ఒక నవ్వు ఆమె చెవికి ప్రత్యేకంగా తగిలింది. ఇరవై ఏళ్ళుగా ఇంట్లో వింటున్న నవ్వు అది. పిల్లలన్నాక పదిమందితో పాటు నవ్వుతారు, అది నవ్వకపోతే అనుమానం వస్తుంది కదా అని సర్దుకుంది.

మర్నాటికి ఆమెకు పేరు పడిపోయింది. చేరదాంటీ. మెట్ల మీద, నీళ్ళ కుళాయి దగ్గర, వెనక బెంచీల్లో ఎవరో ఒకరు, "ఏరా, చేరుతుందా?" అనేవాడు. ఇంకొకడు, "చేరదాంటీ!" అని రాగం తీసేవాడు.

మొదటి శుక్రవారం ఆమెకు ఇరవై ఐదుకి తొమ్మిది వచ్చాయి. పండుకి ఆరు. ఆ రోజు నిలబడింది పండే. కూతురు అలా తల వంచుకుని నిలబడి ఉంటే తల్లికి ఒళ్ళంతా ముళ్ళు గుచ్చినట్టయింది. వెనక్కి తిరిగి చూడకూడదు, షరతు.

ఆ ఆదివారం తల్లి వంటింటి బల్ల మీద పసుపు కాగితాలు పరిచి కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుంది.

"సగటంటే ఏంటో చెప్పు."

"అన్నీ కూడి, ఎన్నున్నాయో అన్నిటితో భాగించడం. అది కూడా తెలీదా నాకు?"

"సరే. నీకు ఇరవై, నాకు నలభై మూడు, మీ నాన్నకి నలభై ఐదు. కూడి భాగించు."

"ముప్ఫై ఆరు."

"మనింట్లో ముప్ఫై ఆరేళ్ళవాళ్ళు ఎవరున్నారే?"

పండు మొహం పైకెత్తింది.

"లేరు కదా. సగటంటే ఇంట్లో లేని మనిషి. ఆ లేని మనిషికి మనం ఒక్కొక్కళ్ళం ఎంత దూరంలో ఉన్నామో కొలిచేదే ఈ మిగతా గొడవంతా."

పండు నవ్వింది. ఆ ఒక్క పూట ఇద్దరూ పోటీలు పడి లెక్కలు చేశారు. తక్కెడ సారు వారంపాటు చెప్పింది అమ్మ అరగంటలో చెప్పిందని పండే తండ్రితో అంది.

కానీ రెండో శుక్రవారం తల్లికి పద్నాలుగు, పండుకి ఏడు. మూడో శుక్రవారం తల్లికి ఇరవై ఒకటి. బోర్డు మీద పై నుంచి మూడో స్థానం. పండుకి ఎనిమిది. తక్కెడ సారు ఆ ఇరవై ఒకటి చుట్టూ గుండ్రంగా గీసి, "చూడండర్రా. చేరదాంటీ అన్నారుగా, చేరేట్టుంది. మీరే వెనకబడ్డారు," అన్నాడు. ఆ పేరు ఆయన దాకా వెళ్ళిందని తల్లికి అప్పుడే తెలిసింది.

ఆ రోజు బస్టాపులో పండు, తల్లికి పది అడుగుల దూరంలో నిలబడి, ఆమె ఎక్కిన బస్సు ఎక్కలేదు. తర్వాతి బస్సుకు ఇంటికి వెళ్ళింది. ఆ ఆదివారం పాఠానికి కూర్చోలేదు. తలనొప్పంది.

*

నాలుగో వారంలో, ఇంటర్వెల్లో కళ్ళజోడు అమ్మాయి సరదాగానే ఫోను ముందుకు చాపింది. ఆ పిల్లకు కడుపులో ఏ కల్మషమూ లేదు.

"మీకు పేరు పెట్టిందెవరో తెలుసా ఆంటీ? వెనక కూర్చుంటుందే, పొడుగు జడ అమ్మాయి. భలే తెలివి తనకి. గ్రూపులో అన్నీ తనే పెడుతుంది."

తల్లి ఫోను అందుకుంది. తనను ఎవరూ చేర్చని గ్రూపు అది. లిమిట్ పాఠం జరిగిన మధ్యాహ్నమే, 'ఈ రోజు నుంచి ఈవిడ పేరు చేరదాంటీ' అని పండు రాసింది. కింద ముప్ఫై నవ్వు బొమ్మలు. ఇంకొంచెం కిందికి జరిపితే ఒక ఫొటో. ముందురోజు ఆసుపత్రిలో రాత్రి షిఫ్టు మనిషి రాక, అర్ధరాత్రి దాటేదాకా నిలబడి పనిచేసి, క్లాసులో తల వాల్చేసిన తను. నోరు తెరుచుకుని ఉంది, పెదవి చివర తడి. కింద పండు మాటలు: 'నిద్రకి మాత్రం లిమిట్ లేదు. ఇలాంటివాళ్ళు ఇంట్లో ఉంటే ఎలా భరిస్తారో పాపం.'

తల్లి ఫోను తిరిగి ఇచ్చేసింది. "బాగుంది," అంది.

రెండో క్లాసులో, సగటు నుంచి దూరాలు కొలిచే వేరియన్స్ గురించి ఆయన ఏం చెప్పాడో ఆమెకు ఒక్క ముక్క ఎక్కలేదు. ఆసుపత్రికి వెళ్ళి నలభై ఆరుమందికి రక్తం తీసింది. ఎవరికీ రెండోసారి సూది గుచ్చాల్సిన అవసరం రాలేదు.

ఇంటికొచ్చాక కూతురు ఒక్కతే ఉన్నప్పుడు అంది.

"ఫొటో నోరు మూసుకున్నప్పుడు తియ్యాల్సింది పండూ."

పండు మొహం మాడింది. అది ఒక్క క్షణం. తర్వాత గొంతు పెంచింది.

"నేను చెయ్యకపోతే వేరేవాళ్ళు చేసేవాళ్ళు. అందరికంటే ముందు నేనే చేస్తే, నువ్వు మా అమ్మవని ఎవడికీ అనుమానం రాదు. నిన్నెవరు రమ్మన్నారసలు అక్కడికి? ఈ వయసులో నీకు చదువెందుకు? మార్కులొస్తున్నాయని తెగ మురిసిపోతున్నావు కదా, నా ముందు!"

"నీ ముందు మురిశానా?"

"మురవకుండా ఉన్నట్టు నటిస్తావు చూడు, అది ఇంకా చిరాకు."

కడుపున పుట్టినదాని మాటకు మాట అంటే అది ఇంకో మాట అంటుంది, ఎక్కడో ఒకచోట ఆగాలి, పెద్దదాన్ని నేనే ఆగాలి అనుకుంది తల్లి. అనుకున్నదే కానీ ఆ ఫొటో కింది మాట మాత్రం నోట్లో చేదులా ఉండిపోయింది.

*

ఆఖరి పరీక్షలు వచ్చాయి. కాల్క్యులస్ ఇద్దరూ బాగానే రాశామనుకున్నారు. రెండు రోజుల తేడాలో స్టాటిస్టిక్స్. ఆ మధ్య రోజు పొద్దున పండు తనంతట తనే తల్లి దగ్గరికి వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"అమ్మా, ఫార్ములాలు ఒక్కటీ బుర్రలో నిలవట్లేదు. ఇది పోతే ఏడాది పోతుంది."

ఏ తల్లి మనసైనా అప్పుడు ఏమవుతుందో అదే అయింది. ఆమె ఒక పసుపు ముక్క తీసి, సన్నటి అక్షరాలతో ముఖ్యమైనవన్నీ ఒకే వైపు సర్ది రాసింది. వేరియన్స్, సహసంబంధం, ప్రామాణిక దోషం, తొంభై ఐదు శాతానికి 1.96, తొంభై తొమ్మిది శాతానికి 2.576. ఏడు మీద ఎప్పట్లాగే అడ్డగీత గీసింది. ఆసుపత్రిలో వేరెవరో రాసిన ఒకటికీ ఏడుకీ తేడా తెలియక ఒకరి రిపోర్టు ఇంకొకరికి పోయిన రోజు నుంచి, ట్యూబుల మీద లేబుళ్ళు రాసేటప్పుడు అలవాటైన గీత అది.

"ఇది పట్టుకుని పది సార్లు రాయి. వచ్చేశాక చించెయ్," అని కూతురి చేతిలో పెట్టింది.

పరీక్ష గదిలో పాత బ్యాచ్‌నీ కొత్త బ్యాచ్‌నీ ఒకరి వెనక ఒకర్ని కలిపి కూర్చోబెట్టారు. తల్లి వెనక సీటు పండుది. తక్కెడ సారే పర్యవేక్షణకు వచ్చాడు. తల్లి ప్రశ్నపత్రం చూసుకుంది. అన్నీ తెలిసినవే. గంట గడిచేసరికి ఐదు ప్రశ్నల్లో నాలుగు అయిపోయాయి. ఐదోది మొదలుపెడుతుండగా ఫ్యాను గాలికి ఏదో వచ్చి కాలికి తగిలింది. వంగి చూసేలోపే తక్కెడ సారు బూటు దాని మీద పడింది.

ఆయన కాగితం తీసి, మడత విప్పాడు. పసుపు ముక్క. వెనక సబ్బుల కంపెనీ గీతలు. ఆరు వారాలుగా ఆమె మొదటి బెంచీలో లెక్కలు చేసిన కాగితం ఏదో ఆయనకు బాగా తెలుసు. ఆమె ఆన్సర్ షీటు ఎత్తి, చీటీ పక్కన పెట్టి చూశాడు. ఏడు మీద అడ్డగీత.

"లేవండి."

ఆమె లేచింది. "సర్, అది నేను తీసుకురాలేదు."

"రాత మీది కాదా?"

"రాత నాదే. కానీ తెచ్చింది నేను కాదు."

"అయితే ఎవరు తెచ్చారు?"

ఆమె వెనక్కి తిరిగి చూసింది. షరతు పెట్టాక ఆ గదిలో ఆమె కూతుర్ని నేరుగా చూడడం అదే మొదటిసారి. పండు తల ఎత్తలేదు. పెన్ను కదులుతోంది కానీ కాగితం మీద అక్షరం పడడం లేదు.

తక్కెడ సారు ఆ చూపు పట్టుకున్నాడు. "ఏమ్మా, వెనకే ఉన్నావు. నువ్వేమైనా చూశావా?"

గదంతా ఇటే చూస్తోంది. పండు లేచి నిలబడింది. తల్లి కళ్ళలోకి కాదు, ఆమె భుజం పక్కన గోడ వైపు చూసింది.

"ఆంటీ దగ్గర్నుంచే పడింది సర్. చీర కుచ్చిళ్ళలోంచి."

తక్కెడ సారు ఆన్సర్ షీటు మీద ఎర్ర పెన్నుతో మూలకు మూలకు గీత కొట్టాడు. రాసిన నాలుగు జవాబుల మీదుగా పోయింది ఆ గీత. తల్లి సంచీ తీసుకుని బయటికి నడుస్తుంటే వెనక నుంచి ఎవడో సన్నగా, "చేరదాంటీ..." అన్నాడు. తలుపు మూసుకునేదాకా నవ్వులు వినపడుతూనే ఉన్నాయి.

*

విచారణ సోమవారం అని కబురొచ్చింది. మధ్యలో రెండు రోజులు. పండు గదిలోంచి బయటికి రాలేదు. శనివారం సాయంత్రం తల్లే తలుపు తోసుకుని వెళ్ళింది.

"నువ్వు చెప్పాలే పండూ. సోమవారం నాతో వచ్చి నిజం చెప్పు. నేను పక్కనే ఉంటా."

"చెప్తే నన్ను తీసేస్తారు."

"ఒక ఏడాది ఆపుతారు. నీకు మళ్ళీ రాసే వీలుంది. నాకు లేదు. ఇదే ఆఖరిదని వాళ్ళు కాగితం మీద వేశారు."

"నీకేముందమ్మా? నీ లైఫ్ అయిపోయింది. ఇంక డిగ్రీ వస్తే ఎంత, రాకపోతే ఎంత?"

గుమ్మంలో నిలబడి వింటున్న భర్త వైపు ఆమె తిరిగింది. "ఏవండీ, విన్నారా?"

అతను చొక్కా గుండీ తిప్పుతూ నిలబడ్డాడు. నోట్లో నాలుక లేని మనిషి అని చుట్టుపక్కల పేరు. ఆ రోజు మాత్రం నాలుక దొరికింది.

"అది అన్న తీరు తప్పే. కానీ అన్నదాంట్లో అబద్ధం లేదు. దానికి బోలెడు జీవితం ఉంది. నీకు ఉద్యోగం ఉండనే ఉంది, ఇన్‌చార్జివి కాకపోతే కొంపలేం మునగవు. కొంచెం సర్దుకో."

"ఇరవై ఒక్క ఏళ్ళ క్రితం ఒకసారి సర్దుకున్నాను."

"అప్పుడు బాగానే ఉంది కదా, ఇప్పుడేమొచ్చింది?"

ఆమె ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "నేను అబద్ధం చెప్పను," అని వెళ్ళి పడుకుంది.

సోమవారం పరీక్షల విభాగంలో పొడవాటి బల్ల వెనక అధికారిణి, తక్కెడ సారు, ఒక గుమాస్తా కూర్చున్నారు. తల్లి నిలబడే చెప్పింది. ఆ చీటీ తను కూతురికి చదువుకోమని రాసిచ్చిందని, ఆ కూతురు తన వెనక కూర్చున్న అమ్మాయేనని.

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. గుమాస్తా రెండు దరఖాస్తులు తీసి పక్కపక్కన పెట్టాడు. అడ్రసు ఒకటే.

"ఆరు వారాలు నా క్లాసులో ఉన్నారు. మీరిద్దరూ ఒక్క మాట మాట్లాడుకోవడం నేను చూడలేదు," అన్నాడు తక్కెడ సారు. "ఆ అమ్మాయి మిమ్మల్ని ఆంటీ అనడం నా చెవులతో విన్నాను."

"అమ్మ అని చెప్పుకోవడం దానికి నామోషీ సర్."

అధికారిణి పండుని పిలిపించింది. పండుతో పాటు తండ్రీ వచ్చాడు. పిల్ల ఒక్కతే భయపడుతుందని వచ్చాడట. పండు లోపలికి అడుగు పెడుతూనే ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది, నటన కాదు.

"మా అమ్మే మేడమ్. సిగ్గుపడి చెప్పలేదు, అది నా తప్పే. కానీ ఆ చీటీ నాది కాదు. ఆ పసుపు కాగితాలు నేను ముట్టుకోను, నావన్నీ తెల్ల నోటుపుస్తకాలు. కావాలంటే చూడండి." సంచీలోంచి ఆరు నోటుపుస్తకాలు తీసి బల్ల మీద పెట్టింది.

"కాగితాలు ఎవరు తెచ్చారు?" అని అధికారిణి తండ్రిని అడిగింది.

"నేనేనండి. ప్రెస్సు నుంచి."

"ఎవరి కోసం?"

అతను ఒకసారి భార్య వైపు చూశాడు. ఆమె కూడా చూసింది. ఇద్దరికీ అని అతను ఒక్క మాట అంటే చాలు.

"మా ఆవిడ కోసమండి."

తల్లి ముందుకొచ్చి బల్ల మీద రెండు చేతులూ ఆన్చింది.

"మేడమ్, నన్ను ఇప్పుడే పరీక్షించండి. ఏ లెక్కైనా ఇవ్వండి. ఏ పుస్తకంలోదైనా సరే. చీటీ అవసరమో కాదో మీరే చూడండి."

అధికారిణి తక్కెడ సారు వైపు తిరిగింది. ఆయన నిమిషంపాటు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు.

"మొదటి వారం తొమ్మిది మార్కులు మేడమ్. మూడో వారానికి ఇరవై ఒకటి. అప్పుడు నేనే ఆశ్చర్యపోయాను. ఎలా పెరిగాయో ఇప్పుడు తెలుస్తోంది."

అధికారిణి ఫైలు మూసింది. "సాక్ష్యాల సంగతి పక్కన పెట్టండి. నేనూ ఇద్దరు పిల్లల తల్లిని. తప్పు చేసి దొరికినవాళ్ళు ఇక్కడికి వచ్చి కాళ్ళు పట్టుకున్నారు, దొంగ సర్టిఫికెట్లు తెచ్చారు. కన్నకూతురి మీదికి తోసేసి బయటపడాలని చూసిన తల్లిని మాత్రం ఈ రోజే చూస్తున్నా. కంచే చేను మేస్తే ఎలాగమ్మా? రెండు పేపర్లూ రద్దు. మీకిచ్చిన అవకాశం కూడా రద్దు. వెళ్ళండి."

బయట వరండాలో తండ్రీకూతుళ్ళు ఆమె కోసం ఆగారు. ముగ్గురూ ఒకే బస్సు ఎక్కారు. ఇప్పుడిక దాచేదేమీ లేదు కాబట్టి పండు తల్లి పక్కనే కూర్చుంది.

*

యూనివర్సిటీ ఉత్తరం నకలు ఒకటి ఆసుపత్రికి వెళ్ళింది. కోర్సుకు దరఖాస్తు చేసేటప్పుడు ఆసుపత్రి అనుమతిపత్రం జతచేసి ఉంది, ఆ దారిన. ఇన్‌చార్జి కుర్చీకి తన దగ్గరే పని నేర్చుకున్న అమ్మాయి పేరు ఖాయం చేశారు. దానికి ఆమె మనసు సిద్ధం చేసుకుంది. సిద్ధంగా లేనిది ఇంకొకటి. సూపరింటెండెంట్ పిలిచి, మొహమాటంగా, కిటికీ వైపు చూస్తూ చెప్పాడు.

"ఇకనుంచి మీరు రాసిన లేబుళ్ళు ఇంకొకరు సరిచూసి సంతకం పెడతారు. మీ మీద నమ్మకం లేక కాదు. ఉత్తరం వచ్చింది కాబట్టి."

పద్దెనిమిదేళ్ళలో ఆమె చేతి మీదుగా ఒక్క ట్యూబు తారుమారు కాలేదు. ఆ రోజు నుంచి ప్రతి ట్యూబునూ నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల ఒకతి ఎత్తి పట్టుకుని, "ఇది ఏడేనా, ఒకటా?" అని అడగసాగింది. ఏడే అని ఆమె చెప్పేది.

పండు రెండు పేపర్లూ గట్టెక్కింది. స్టాటిస్టిక్స్‌లో యాభై రెండు. చీటీ ఎగిరిపోకముందే చాలావరకు ఎక్కించేసుకుందన్నమాట. తండ్రి ప్రెస్సు నుంచి తెల్ల కాగితాల రీము కొని తెచ్చాడు. ఇంట్లో ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. తల్లి వండింది, ఉతికింది, డ్యూటీకి వెళ్ళింది. అడిగినదానికి జవాబు చెప్పింది. అడగనిది ఏదీ మాట్లాడలేదు. మొదట్లో పండు ఆమె ఎదుట పడడానికి జంకేది. నెల తిరిగేసరికి ఆ జంకు కూడా పోయింది. అమ్మకు కోపం తగ్గింది అని తండ్రితో చెప్పింది. "నేను చెప్పలా? దాని మనసు వెన్న," అన్నాడతను.

మూడో ఏడు మొదలైన రెండో నెలలో ఒక పొద్దున పండు తెల్ల కాగితాలు పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. గారాబంగా తల్లి భుజం మీద గడ్డం ఆన్చింది.

"అమ్మా, ఇది ఒక్కసారి చూడవా? అసైన్‌మెంటు. దీనికి మార్కులు ఫైనల్లో కలుపుతారు. తప్పయితే మళ్ళీ ఇవ్వనివ్వరు."

తల్లి చెయ్యి తుడుచుకుని కాగితం అందుకుంది. విడివిడిగా తీసిన రెండు కొలతల తేడాకు వేరియన్స్ కట్టే లెక్క. రెండో వరుసలోనే తప్పు కనిపించింది. తేడా అన్నారు కదా అని పండు రెండు వేరియన్సులనూ ఒకదాంట్లోంచి ఒకటి తీసేసింది. అక్కడ కలపాలి. అక్కడి నుంచి మూడు పేజీల నిండా ఆ తప్పు మీదే మిగతా లెక్కంతా కట్టింది, ముత్యాల్లాంటి అక్షరాలతో.

తల్లి మొదటి పేజీ చూసింది. రెండోది చూసింది. మూడోది కూడా చివరిదాకా చదివింది.

"సరిగ్గానే ఉందా?" అంది పండు.

"సరిగ్గానే ఉంది."

"అన్నీనా?"

"అన్నీ."

"హమ్మయ్య! నువ్వు చూశావంటే ఇక ధైర్యం." పండు కాగితాలు ఫైల్లో సర్దుకుంది. "పదకొండింటికి ఇచ్చెయ్యాలి."

గోడ గడియారంలో తొమ్మిది కావస్తోంది. ఆ వరుస దిద్ది, మూడు పేజీలూ మళ్ళీ రాసుకోవడానికి గంట చాలు. తల్లి ఆ గడియారం వైపు చూసింది, చెప్పులేసుకుంటున్న కూతురి వైపు చూసింది. గొంతు దాకా మాట వచ్చింది కూడా. పండు వాకిట్లోంచి "వెళ్ళొస్తానమ్మా" అని చెయ్యూపింది.

"జాగ్రత్తగా వెళ్ళు," అంది తల్లి. లోపలికి వచ్చి, మధ్యాహ్నం డ్యూటీకి బట్టలు ఇస్త్రీ చేసుకోవడం మొదలుపెట్టింది.